ఉద్దేశం మంచిదైతే కాలం చెల్లిన మాటను మన్నించవచ్చా?

ప్రశ్న:
బ్రిటన్‌లో ఒకే మాట ముగ్గురు ప్రముఖులను ఇబ్బందుల్లోకి నెట్టింది. నల్లజాతి నటులకు బ్రిటన్‌లో కంటే అమెరికాలోనే మంచి అవకాశాలు దొరుకుతున్నాయని 2015లో ఒక అమెరికన్ టీవీ ఇంటర్వ్యూలో బాధపడుతూ నటుడు బెనెడిక్ట్ కంబర్‌బాచ్ వారిని ‘కలర్డ్’ (నల్లజాతివారిని ఒకప్పుడు పిలిచిన మాట, ఇప్పుడు అవమానకరంగా భావిస్తారు) అన్నారు. 2019లో మంత్రి ఆంబర్ రడ్, నల్లజాతి ఎంపీ డయాన్ అబాట్‌పై సాగుతున్న దూషణలను బీబీసీ రేడియోలో ఖండిస్తూ అదే మాట వాడారు. వీరిద్దరూ క్షమాపణ చెప్పారు, విషయం అక్కడితో సద్దుమణిగింది. 2020 నవంబరులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఛైర్మన్ గ్రెగ్ క్లార్క్ మాత్రం పార్లమెంటరీ కమిటీ ముందు ఆ మాట అన్న రోజే పదవి వదులుకోవలసి వచ్చింది. ముగ్గురిలో ఎవరూ ద్వేషంతో మాట్లాడలేదు కదా, మరి ఈ తేడా న్యాయమేనా?

మొదటి జవాబు:
క్లార్క్ పదవి పోయింది ఒక్క మాట వల్ల కాదండీ. ఆ మాటకు ఆయన అక్కడికక్కడే క్షమాపణ చెప్పారు. అయితే అదే సమావేశంలో, దక్షిణాసియా వారికీ ఆఫ్రో-కరీబియన్లకూ వృత్తిపరమైన ఆసక్తులు వేరని, కావాలంటే తమ సంఘం ఐటీ విభాగంలో ఎవరు ఎక్కువగా ఉన్నారో చూడండని అన్నారు. బ్రిటన్‌లో ఉంటూ పిల్లలను ఫుట్‌బాల్ శిక్షణకు తీసుకువెళ్లే తెలుగు తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని ఒకసారి నెమ్మదిగా చదవాలి. మీ అబ్బాయికి జట్టులో చోటు ఎందుకు దొరకలేదని అడిగితే, వాడికి కంప్యూటర్లంటే ఇష్టం కాబట్టి అని సంఘం అధ్యక్షుడే జవాబు చెప్పినట్టుంది. ఇందులో తప్పుపట్టదగిన పాత మాట ఒక్కటీ లేదు. అయినా నాకు ‘కలర్డ్’ కంటే ఇదే ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే ఎవరిని ఆడించాలో నిర్ణయించే వ్యవస్థకు ఆయన పెద్ద.

రెండో జవాబు:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ ఉద్దేశానికి మనం మరీ ఎక్కువ విలువ ఇస్తున్నామేమో. రడ్ తన పక్షాన మాట్లాడుతున్నారని తెలిసి కూడా అబాట్ ఆ మాట కాలం చెల్లినదని, అవమానకరమని స్పష్టంగా చెప్పారు. ఆ హక్కు ఆమెది. మన దేశంలో ఇదే తగవు ఎంతో ముందే నడిచింది. గాంధీజీ ‘హరిజన’ అన్న పేరును గౌరవంతోనే ప్రచారం చేశారు. 1938లో బొంబాయి శాసనసభలో ఆ పేరును చట్టంలో చేర్చబోతే, మాకు ఆ పేరు వద్దని అణగారిన వర్గాల సభ్యులే వాదించారు. మెజారిటీ బలంతో వారి సవరణ వీగిపోగా అంబేడ్కర్, ఆయన పక్షం వారు సభ నుంచి వాకౌట్ చేశారు. పేరు పెట్టినవారి మనసు మంచిదే కావచ్చు, అయినా ఆ పేరుతో బతకవలసినవారి మాట ఓట్ల లెక్కలో ఓడిపోయింది. కుల ధ్రువీకరణ పత్రాల్లో ఆ పదం వాడవద్దని కేంద్రం రాష్ట్రాలకు చెప్పడానికి 1982 దాకా పట్టింది.

మూడో జవాబు:
వద్దన్న తర్వాత కూడా వాడటం వేరు, చెప్పగానే సరిదిద్దుకోవడం వేరు. కంబర్‌బాచ్ రెండో కోవకు చెందుతారు. ఆయన్ను సమర్థించినవారిలో నల్లజాతి నటుడు డేవిడ్ ఓయెలోవో కూడా ఉన్నారు. ఆయన చెప్పిన అసలు సంగతిని వదిలేసి ఒక్క పదం మీద దాడి చేయడం నిజాయితీ కాదని ఓయెలోవో వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. పదం గురించి అంత చర్చ జరిగింది గానీ, బ్రిటన్ నటులు పాత్రల కోసం అట్లాంటిక్ దాటి ఎందుకు వెళ్లవలసి వస్తోందని కంబర్‌బాచ్ లేవనెత్తిన విషయం మీద అందులో సగం శ్రద్ధ కూడా కనిపించలేదు.