సెకండ్ హ్యాండ్ .32 పిస్టల్ మొరాయిస్తోంది, ముందు ఏం చూడాలి?

అడిగిన వారు (గుంటూరు):
అందరికీ నమస్కారం. మాది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. సీజన్‌లో డబ్బుతో రాత్రిళ్లు తిరగక తప్పదు కాబట్టి లైసెన్స్ తీసుకున్నాను. విజయవాడలో ఒక పెద్దాయన తన .32 పిస్టల్ అమ్ముతానంటే కొన్నాను. ఆయన ముందుగా రాతపూర్వకంగా తెలియజేశారు, 45 రోజుల గడువు అయింది, నా లైసెన్స్‌లో నంబర్ ఎక్కింది, ఆ తర్వాతే నా చేతికి వచ్చింది. కాగితాల విషయంలో ఏ లోటూ లేదు.

పాత విదేశీ పిస్టల్. రెండు మ్యాగజైన్లు (రౌండ్లు నింపే పెట్టెలు) ఇచ్చారు. రేంజ్‌కి తీసుకెళితే మూడు రకాల ఇబ్బందులు కనిపించాయి. ఒక్కోసారి మ్యాగజైన్‌లోని పై రౌండ్ ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక అది పేలే గదిలోకి, వెళ్లకుండా మధ్యలోనే బిగుసుకుంటోంది. ఒక్కోసారి ఖాళీ కేసు (పేలాక మిగిలే ఇత్తడి గొట్టం) బయటికి పడకుండా స్లైడ్ (పైన వెనక్కీ ముందుకీ జారే భాగం) కిటికీలో నిలువుగా ఇరుక్కుంటోంది. ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్‌మని చప్పుడే, పేలదు. అవసరానికి పేలుతుందో లేదో తెలియని ఆయుధం నడుముకు పెట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

విజయవాడ నుంచి ఒకరు:
బిగుసుకోవడం అంటే లోపల రౌండ్ ఎక్కే ఏటవాలు గరుకుగా ఉండి ఉంటుందండీ. ఆటోనగర్‌లో మంచి లేత్ పనివాళ్లున్నారు. కాస్త ఆకురాయి పట్టి, ఉప్పు కాగితంతో రుద్దిస్తే నున్నగా జారుతుంది.

రిటైర్డ్ ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసేవారు (విజయవాడ):
ఆ పని మాత్రం చేయకండి. ఆటోనగర్ పనివాళ్ల నైపుణ్యం మీద నాకు అనుమానం లేదు, వాళ్లు లారీ ఇంజన్‌కే ప్రాణం పోస్తారు. కానీ ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేరుకు కూడా లైసెన్స్ ఉండాలి. లేనివాళ్ల చేత చేయిస్తే, 2019 సవరణ తర్వాత కనీస శిక్షే 7 ఏళ్లు. పాపం ఆ పనివాడు కూడా ఇరుక్కుంటాడు. పైగా ఒకసారి రుద్దిన ఇనుము తిరిగి రాదు. ఏటవాలు కోణం మారితే ఛాంబర్ అంచు దగ్గర కేసుకు ఆసరా తగ్గి, పేలినప్పుడు కేసే పగలొచ్చు.

ముందు భద్రత. మ్యాగజైన్ తీసేస్తే తుపాకీ ఖాళీ అయినట్టు కాదు. మ్యాగజైన్ తీయండి, తర్వాత స్లైడ్ వెనక్కి లాగండి, ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. ఈ వరుస తారుమారైతే, అంటే స్లైడ్ లాగి ఆ తర్వాత మ్యాగజైన్ తీస్తే, పైనున్న రౌండ్ ఛాంబర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఖాళీ అనుకున్న తుపాకీలు పేలేది ఎక్కువగా ఇలాగే.

ఇక మీ మూడు ఇబ్బందులకు మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. అన్నీ ఒకేసారి సరిచేయాలని చూస్తే ఏది దేనివల్లో తెలియదు. రెండు మ్యాగజైన్ల అడుగున 1, 2 అని గుర్తు పెట్టండి. ఆటోమేటిక్‌గా రౌండ్ ఎక్కే తుపాకుల్లో నేను మొదట అనుమానించేది మ్యాగజైన్‌నే. పై పెదవులు (రౌండ్‌ను పట్టి ఉంచే అంచులు) వంగాయా, పగిలాయా, స్ప్రింగ్ నీరసించిందా చూడండి. తడబాటు ఒకే మ్యాగజైన్‌తో వస్తుంటే పిస్టల్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

.32కు ప్రత్యేకంగా ఇంకో జబ్బు ఉంది. దాని కేసు అడుగున ఉండే అంచు, కేసు కంటే దాదాపు అర మిల్లీమీటరు వెడల్పు. 9 ఎంఎం రౌండ్‌కు ఇలా ఉండదు. మ్యాగజైన్‌లో పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచు వెనక్కి జారితే రెండూ తలుపు గొళ్లెంలా తగులుకుంటాయి. స్లైడ్ ఎంత తోసినా పైది కదలదు. అందుకే నింపేటప్పుడు ప్రతి రౌండ్ అంచూ కింది దాని అంచుకు ముందుండేలా చూసుకోవాలి. పొట్టి తూటా ఉన్న రౌండ్లు లోపల ముందుకూ వెనక్కీ జరిగి ఇలా ఎక్కువగా తగులుకుంటాయి. గుండ్రటి ముక్కుతో, పూర్తిగా లోహపు తొడుగు ఉన్నవే వాడండి.

కేసు కిటికీలో ఇరుక్కోవడానికి రౌండ్లలో శక్తి తక్కువైనా, కేసును లాగే కొక్కెం అరిగినా, దాని కింద మడ్డి పేరుకున్నా కావచ్చు. పట్టు సడలినా జరుగుతుంది. మణికట్టు మెత్తగా ఉంటే పిస్టల్ మొత్తం వెనక్కి ఊగి స్లైడ్ పూర్తి దూరం వెళ్లదు. గట్టిగా పట్టుకుని ఒకసారి, మరొకరి చేతిలో ఒకసారి చూడండి.

అయితే ఈ పాత .32లలో ఎక్కువగా స్లైడ్‌కు తాళం లాంటిదేమీ ఉండదు. పేలినప్పుడు దాన్ని ఆపేది దాని బరువు, స్ప్రింగ్, ఈ రెండే. స్ప్రింగ్ నీరసిస్తే స్లైడ్ మరీ వేగంగా వెళ్లి వస్తుంది, మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి రౌండ్‌ను పైకి తెచ్చేలోపే దాటిపోతుంది. దశాబ్దాలుగా మార్చని స్ప్రింగ్ అయితే మార్చాల్సిందే. కొన్ని మోడళ్లలో అది బ్యారెల్ చుట్టూ ఉండి, ముందున్న మూత తిప్పితే ఎగిరి కంటికి తగులుతుంది. లైసెన్స్ ఉన్న ఆర్మరర్ దగ్గర విప్పించండి.

పేలని రౌండ్ సంగతి: టిక్‌మన్నాక వెంటనే స్లైడ్ లాగకండి. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. తర్వాత తీసి ప్రైమర్ (కేసు అడుగున పిన్ కొట్టే చిన్న బిళ్ల) చూడండి. గుంట లోతుగా ఉంటే రౌండ్‌దే తప్పు. పైపైన గీత పడితే ఫైరింగ్ పిన్ దారిలో జిడ్డో, పిన్ స్ప్రింగ్ నీరసమో. పాత యజమాని ఏ నూనె వాడేవారు?

అడిగిన వారు:
కనుక్కున్నాను మాస్టారూ. కొబ్బరి నూనె వేసేవారట. 2024 ఎన్నికలప్పుడు కోడ్ వచ్చాక స్టేషన్‌లో డిపాజిట్ చేసి, ఫలితాల తర్వాత జూన్‌లో తెచ్చుకున్నారట. అన్నాళ్లూ తోలు ఒరలోనే ఉంది. నాకు ఇచ్చిన రౌండ్లలో కొన్నిటికి పచ్చగా చిలుము పట్టింది.

రిటైర్డ్ ఆర్మరర్:
సగం జబ్బు అక్కడే దొరికింది. కొబ్బరి నూనె పాతబడితే జిగటైపోతుంది, పిన్ వేగాన్ని అదే తినేస్తుంది. పిన్ దారి శుభ్రం చేయించాక పొడిగా ఉంచండి. తుపాకీ నూనె స్లైడ్ జారే గాడుల్లో ఒక్క చుక్క చాలు. కృష్ణా తీరం ఉక్కలో తోలు తేమను పట్టి ఉంచుతుంది, అందుకే తుపాకీని ఒరలో నిల్వ ఉంచకూడదు. తేమ పీల్చే సంచి వేసి లాకర్‌లో పెట్టండి. చిలుము పట్టిన రౌండ్లు వాడొద్దు. తుడిచి నింపినా సరే. వాటిని డీలర్‌కు లేదా పోలీసులకు అప్పగించి, లెక్క రాయించుకోండి.

గుంటూరు నుంచి ఇంకొకరు:
సర్, పరీక్షించడానికి మా పొలంలో రెండు రౌండ్లు కాల్చుకుంటే సరిపోదా?

రిటైర్డ్ ఆర్మరర్:
సరిపోదు. .32 తూటా చిన్నదని తేలికగా తీసుకోకండి, ఎక్కడికి పోతుందో పొలంలో మీకు తెలియదు. అనుమతి ఉన్న రేంజ్‌లోనే, అధికారి సమక్షంలో చూడండి. పెళ్లిళ్లలో సరదాగా గాల్లోకి కాల్చినా 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మనుషుల ప్రాణాలు పోతున్నాయనే 2019లో ఆ సెక్షన్ చేర్చారు.

రేంజ్‌లో ఇంకో రెండు జరిగితే అక్కడికక్కడే ఆపేయాలి. ఒక్కసారి నొక్కితే రెండు పేలితే లోపల పట్టి ఆపే పన్ను అరిగి ఉండొచ్చు. చప్పుడు మందంగా వచ్చి చేతికి ఊపు తెలియకపోతే తూటా గొట్టంలోనే ఆగి ఉండొచ్చు, తర్వాతది కాలిస్తే బ్యారెల్ పగులుతుంది.

అడిగిన వారు:
మాస్టారూ, మీరు చెప్పిన వరుసలోనే చూశాం. డీలర్ దగ్గరి ఆర్మరర్ విప్పి, పిన్ దారిలోంచి నల్లటి జిగురు తీశారు, పాత స్ప్రింగ్ తీసి కొత్తది వేశారు. కొత్త రౌండ్లతో రేంజ్‌లో 1వ మ్యాగజైన్ ఒక్కసారి కూడా తడబడలేదు, టిక్‌మనడం కూడా పోయింది. 2వది మాత్రం మళ్లీ బిగుసుకుంది. పెదవి ఒకవైపు తెరుచుకుని ఉందని ఆయన చూపించారు.

రిటైర్డ్ ఆర్మరర్:
దాన్ని పట్టకారుతో వంచి సరిచేయాలని చూడకండి, కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. కొత్త మ్యాగజైన్ దొరికేదాకా 1వ దానితోనే తిరగండి. 2వది ఇంట్లో ఉంచి, ఎవరూ పొరపాటున వాడకుండా అడుగున ఎర్ర టేపు చుట్టండి.