అప్‌డేట్: నా ప్రయాణపు గడియారం ఇంగ్లండ్‌దే

ఇక్కడ లండన్‌లో కొన్న పాత ప్రయాణపు గడియారం నిజంగా ఇంగ్లండ్‌లోనే తయారైందా, లేక ఫ్రాన్స్ యంత్రానికి ఇక్కడి పేరు తగిలించారా అని పోయిన నెల అడిగాను కదా, నిన్న రిపేరు చేసే పెద్దాయన వెనక తలుపు తీసి చూపించారు. లోపల ఫ్యూజీ ఉంది! శంకువు ఆకారంలో గాడులున్న ఇత్తడి చక్రం, దానికి చుట్టుకున్న సైకిల్ చైన్ లాంటి గొలుసు, ఒక్కో లింకు ఆవగింజంత కూడా లేదు. స్ప్రింగు వదులయ్యేకొద్దీ గొలుసు ఆ శంకువు లావు వైపుకి జరుగుతుంది, అందుకే బలం చివరిదాకా సమానంగా అందుతుంది. ఫ్రెంచి వాటిలో మామూలుగా ఇది ఉండదు.

డయల్ మీద ‘డెంట్, 61 స్ట్రాండ్’ అని ఉంది, స్ట్రాండ్ అంటే లండన్‌లో ఒక వీధి. బిగ్ బెన్ గడియారం పని 1852లో ఒప్పుకున్న ఎడ్వర్డ్ జాన్ డెంట్ వాళ్లదే! ఆయన 1853లో పోతే సవతి కొడుకు ఫ్రెడరిక్ ఆ యంత్రాన్ని 1854లో పూర్తి చేశాడు.

గొలుసుకి తుప్పు ఉంది, కీ ఇస్తే తెగుతుందన్నారు, శుభ్రం చేయడానికి అక్కడే వదిలి వచ్చాను.