హాపర్ నిండా వడ్లు పోస్తే ధార పెరుగుతుందా?

మిల్లు మేస్త్రి, సుల్తానాబాద్: ఇరవై రెండేళ్లుగా ఇదే పని నాది. హాపర్, అంటే వడ్లు పోసే గరాటు తొట్టి, అంచుదాకా నింపితే పైబరువుకు వడ్లు జోరుగా దిగుతాయి, సగానికి వస్తే ధార సన్నబడుతుంది. కొత్తగా వచ్చిన ఇంజనీర్ కాదంటున్నాడు. మీరేమంటారు?

కాజీపేట లెక్చరర్: ఇంజనీర్ చెప్పిందే నిజం. ఇది నీళ్ల ట్యాంకు కాదు. గింజలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బరువును పక్కగోడల మీదికి నెట్టేస్తాయి. 1895లో జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీర్ ధాన్యం మీదే ఇది తేల్చాడు: కొంత ఎత్తు దాటాక ఎంత పోసినా అడుగున ఒత్తిడి దాదాపు పెరగదు. ఇసుక గడియారంలోనూ ధార దాదాపు చివరిదాకా ఒకేలా ఉంటుంది. ధార పెరగాలంటే మూతి పెంచాలి. గుండ్రటి మూతి వెడల్పు రెట్టింపైతే ధార ఐదు రెట్లు దాటుతుంది.

మేస్త్రి: సార్, ఇసుక వేరు, వడ్లు వేరు. వడ్లకు నూగు ఉంటుంది.

పరకాల88: ధార సంగతి తర్వాత, జామ్ గురించి చెప్పండి. వానాకాలం వడ్లకు మాకు గంటకోసారి ఆగుతుంది.

లెక్చరర్: నూగుంటే రాపిడి ఇంకా ఎక్కువ, గోడలు మోసే బరువూ ఎక్కువే. జామ్ అంటారా, మూతి మీద గింజలు పాత రాతి వంతెనలా కమాను కడతాయి. పైన బరువు పడేకొద్దీ అది బిగుసుకుంటుంది. గుండ్రటి మూతి గింజకు ఐదారు రెట్లకన్నా చిన్నదైతే ఎండు గింజలే ఆగిపోతాయి. మీ గేటు ఎంత తెరుస్తారు?

మేస్త్రి: రెండు వేళ్ల సందు, హాపర్ పొడవునా. అంతకు మించితే కింద పొట్టు తీసే షెల్లర్ తట్టుకోదు. ఎండు వడ్లు అందులోంచి చక్కగా దిగుతాయి. ఆగేది పచ్చి వడ్లకు, తాలుకు, గడ్డిపోచలకు. ఆరబెట్టకుండా తెస్తే తప్పు హాపర్‌దా?

హుజూరాబాద్ రైతు: మొదటినుంచీ మీ మనసులో ఉన్నది ఇదే కదా అన్నా. పోయిన యాసంగిల కొనుగోలు కేంద్రంలో నా వడ్ల తేమ 17 శాతం లోపే వచ్చింది, చీటీ ఇంకా నా దగ్గరుంది. మిల్లు ముందర లారీ రెండు రోజులు నిలబడ్డది. అడిగితే హాపర్ జామ్ అన్నారు. ఆఖరికి తాలు అని నలభై కిలోల బస్తాకు రెండు కిలోలు కోశారు. జామ్ మీది, తరుగు నాదా?

మేస్త్రి: ఆ మిల్లు నాది కాదు. నేనూ జీతగాణ్నే. మిషన్ ఆగితే తిట్లు పడేది నాకే.

హమాలీ కొడుకు: వడ్లు ఆగినప్పుడల్లా మా నాయిన లోపలికి దిగి కర్రతో పొడిచేవాడు. ఒకసారి కింద గేటు తెరిచే ఉంది, కమాను కూలింది, నడుముదాకా కూరుకుపోయాడు. ఇద్దరు చంకల కింద చేతులేసి లాగినా కదల్లేదు. చుట్టూ వడ్లు తోడితేగానీ కాళ్లు రాలేదు. మీరింకా నూగు గురించే కొట్లాడుతున్నారు.

లెక్చరర్: గేటు తెరిచి ఉండగా ఎవరినీ లోపలికి దింపకండి, దయచేసి. పక్కనుంచి, బయటనుంచే కదపాలి.

మేస్త్రి: దింపను తమ్మీ. రేపట్నుంచి పొడవాటి రాడ్డు పెట్టిస్తా. కానీ రైతన్నా, తాలు తూర్పారబట్టి తెస్తే నాకీ తిప్పలు ఉండదు.

హుజూరాబాద్ రైతు: తూర్పారబట్టే కూలి ఎవరిస్తారు?