జాజ్ వాద్యకారుణ్ణి ప్రశ్నించాల్సింది ఎవరు: తోటి వాద్యకారుడా, విమర్శకుడా?

లయప్రియ

ఆర్ట్ టేలర్ చేసిన సంభాషణల సంపుటి ఈ వారం రెండోసారి చదివాను. మొదటిసారి చదివినప్పుడు కలిగిన అభిప్రాయం ఇప్పుడు మరింత గట్టిపడింది. జాజ్ వాద్యకారుడి బతుకు గురించీ పని గురించీ అడగవలసింది ముందుగా తోటి వాద్యకారుడే. విమర్శకుడు అడిగితే జవాబు వస్తుంది, తోటివాడు అడిగితే మనసులో మాట వస్తుంది.

టేలర్ హార్లెమ్‌లో 1929లో పుట్టిన డ్రమ్మర్. శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ 'జయంట్ స్టెప్స్' ఆల్బమ్ వాయించినప్పుడు వెనక డ్రమ్స్ మీద ఉన్నది ఆయనే. 1963లో ఐరోపాకు వెళ్లి చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయాడు. 1968 నుంచి 1972 దాకా మైల్స్ డేవిస్, మాక్స్ రోచ్, డిజీ గిలెస్పీ, నీనా సిమోన్, హేజల్ స్కాట్, ఆర్నెట్ కోల్‌మన్ లాంటి వాళ్లను కూర్చోబెట్టుకుని మాట్లాడించి, 1977లో బెల్జియంలో సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. అడిగినవి చిన్న ప్రశ్నలు. రోజూ సాధన చేస్తావా? పియానిస్టు బడ్ పావెల్ గురించి ఏం చెబుతావు? 'జాజ్' అన్న పేరు నీకు నచ్చుతుందా? ఈ చివరి ప్రశ్నకు మాక్స్ రోచ్ ఇచ్చిన జవాబు చదివితే చాలు. ఆయనకు ఆ పేరు వినగానే గుర్తొచ్చేవి ఇరుకు క్లబ్బులు, తక్కువ కూలి, చులకన. పత్రికల వాళ్లతో ఇంత తేటగా మాట్లాడిన సందర్భాలు నాకు పెద్దగా కనిపించలేదు.

దీని పక్కన 1966లో ఫ్రాంక్ కోఫ్‌స్కీ కోల్‌ట్రేన్‌తో జరిపిన సంభాషణ పెట్టి చూడండి. కోఫ్‌స్కీ చరిత్రకారుడు, తాను నమ్మిన రాజకీయ అర్థాన్ని కోల్‌ట్రేన్ నోట పలికించాలని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు. కోల్‌ట్రేన్ మర్యాదగా పక్కకు తప్పుకుంటూనే ఉంటాడు. అడిగేవాడు జవాబు ముందే జేబులో పెట్టుకుని వస్తే ఇంకేం వినగలడు?

పాత గ్రామఫోను

లయప్రియ గారూ, టేలర్ మీద మీకున్న గౌరవం నాకూ ఉంది. కానీ ఈ రంగంలో అన్నిటికన్నా గొప్ప సంభాషణగా నేను భావించేది వాద్యకారుడు చేసింది కాదు. 1938లో అలన్ లోమాక్స్ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో న్యూ ఆర్లియన్స్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్‌తో చేసిన రికార్డింగులు. లోమాక్స్‌కు అప్పుడు 23 ఏళ్లు. జానపద పాటల సేకరణ ఆయన పని, జాజ్ మీద అప్పటికి పెద్ద ప్రేమ కూడా లేదు. మోర్టన్ ఒకప్పుడు వెలిగి, ఆ నాటికి అదే ఊళ్లో ఒక చిన్న క్లబ్బులో వాయించుకుంటున్న మనిషి.

లోమాక్స్ చేసిన ఒక పని మాత్రం ఎంతో గొప్పది. మోర్టన్‌ను పియానో ముందు కూర్చోబెట్టాడు. ఆయన మాట్లాడుతూ వాయించాడు, వాయిస్తూ మాట్లాడాడు. పాత క్వాడ్రిల్ నాట్యపు వరసలు ఒక్కొక్కటీ వినిపించి, అవి 'టైగర్ ర్యాగ్' అనే జాజ్ పాటగా ఎలా మారాయో వేళ్లతోనే చూపించాడు. ఎనిమిది గంటలకు పైగా సాగిన రికార్డింగు అది. న్యూ ఆర్లియన్స్ వీధులు, అంతిమయాత్రల వెంట నడిచే బ్యాండ్లు, జూదగాళ్లు, పియానో పోటీలు, అన్నీ ఆ గొంతులో ఉన్నాయి. ఒక తోటి పియానిస్టు ఎదురుగా ఉంటే మోర్టన్ ఇంత ఓపికగా మొదటినుంచి చెప్పేవాడని నేను అనుకోను. 'నీకు తెలిసిందేగా' అని సగం మాటలు మింగేసేవాడు. తెలియనివాడికి చెప్పేటప్పుడే మనిషి పూర్తిగా చెబుతాడు.

ఆధారం చూపండి

పూర్తిగా చెప్పడం వేరు, నిజం చెప్పడం వేరు. అదే 1938లో మోర్టన్ డౌన్‌బీట్ అనే జాజ్ పత్రికకు ఉత్తరం రాసి, 1902లో జాజ్‌ను కనిపెట్టింది తానేనని ప్రకటించుకున్నాడు. తాను 1885లో పుట్టానని కూడా చెప్పుకునేవాడు. చర్చిలో దొరికిన బాప్తిస్మ పత్రం ప్రకారం పుట్టింది 1890లో. అంటే 1902 నాటికి పన్నెండేళ్ల పిల్లవాడు.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితాంతం తన పుట్టినరోజు 1900 జులై 4 అని చెప్పాడు. ఆయన పోయాక 1980లలో న్యూ ఆర్లియన్స్ చర్చి రికార్డులో దొరికిన తేదీ 1901 ఆగస్టు 4. బిల్లీ హాలిడే పేరుతో 1956లో వచ్చిన ఆత్మకథ మొదటి వాక్యమే తల్లిదండ్రుల పెళ్లి గురించి. ఆ పెళ్లి అసలు జరగలేదు. దాన్ని అక్షరబద్ధం చేసిన విలియమ్ డఫ్టీ ఆమె స్నేహితుడు.

నా అభ్యంతరం ఇది: స్నేహితుడు సరిచూడడు. తోటి వాద్యకారుడు మరీ సరిచూడడు, ఎందుకంటే రేపు అదే వేదిక మీద ఆయన పక్కనే కూర్చోవాలి. 1958లో టులేన్ విశ్వవిద్యాలయం ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో న్యూ ఆర్లియన్స్ వాద్యకారుల మాటలు రికార్డు చేయించడం మొదలుపెట్టింది. ఆ పనికి విలువ వచ్చింది ఒకే సంగతిని ఎంతోమంది నోట విని పోల్చగలిగే వీలు ఉండబట్టే. ఒక్కరి మాట జ్ఞాపకం. పదిమంది మాటలను చర్చి రిజిస్టరు పక్కన పెట్టి చూస్తేనే చరిత్ర.

లయప్రియ

తేదీ తప్పు చెప్పినంత మాత్రాన మోర్టన్ సాక్ష్యం వ్యర్థమైపోయిందా? 'నేనే కనిపెట్టాను' అన్న మాట వెనక ఏముందో చూడండి. రేడియోలో బ్లూస్ పాటల రచయిత డబ్ల్యూ.సి. హ్యాండీని జాజ్‌కు మూలపురుషుడిగా పరిచయం చేశారని విని, మంటెత్తి రాసిన ఉత్తరం అది. తన పని ఇతరుల ఖాతాలో పడిపోతోందన్న బాధ అందులో ఉంది. ఆ బాధకు చర్చి రిజిస్టరులో చోటు ఉండదు. తోటివాడికి మాత్రం అది చెప్పకముందే తెలుస్తుంది.

ఆధారం చూపండి

బాధ నిజమే, కాదనను. కానీ ఆ బాధను తేదీతో సరిపోల్చకుండా అచ్చు వేసినవాళ్ల వల్లే 'జాజ్‌ను కనిపెట్టిన ఒక్క మనిషి' అన్న వెతుకులాట ఇన్నేళ్లు నడిచింది. ఒక మనిషి కనిపెట్టేది కాదు ఆ సంగీతం.

మొదటి వరస శ్రోత

మూడో దారి ఒకటి ఉంది. ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి చెబుతున్నాను. విమర్శకుడు లెనర్డ్ ఫెదర్ 1946లో మెట్రొనోమ్ పత్రికలో మొదలుపెట్టి, తర్వాత డౌన్‌బీట్‌కు తీసుకువెళ్లిన పద్ధతి. వాద్యకారుడికి ఒక రికార్డు వినిపిస్తారు. ఎవరు వాయించారో చెప్పరు. విని ఏమనిపించిందో ఆయన చెప్పాలి. అక్కడ మొహమాటానికి చోటు లేదు. 1964లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ శాక్సఫోన్ మీద ఎరిక్ డాల్ఫీ, పియానో మీద సెసిల్ టేలర్ వాయించిన తీరును ఎంత కఠినంగా తీసిపారేశాడో చదివితే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. ఆ మాటలతో నేను ఏకీభవించను. కానీ అతని చెవి ఏం కోరుకుంటోందో పది పేజీల జీవితకథ కన్నా ఆ నాలుగు వాక్యాలు ఎక్కువ చెప్పాయి.

ఎడిసన్ వీణ

నేను న్యూజెర్సీలో ఉంటాను, వీణ నేర్చుకున్నాను. ఇక్కడ అవకాశం దొరికినప్పుడల్లా జాజ్ వినడానికి వెళ్తాను. లయప్రియ గారి మాటలో సగం నాకు ఎంతో ఇష్టం, మిగతా సగం భయం కలిగిస్తుంది.

ఇష్టమైన సగం ముందు చెబుతాను. మేరియన్ మెక్‌పార్ట్‌లాండ్ అమెరికా ప్రజా రేడియోలో మూడు దశాబ్దాలకు పైగా నడిపిన 'పియానో జాజ్' వినండి. తానూ పియానిస్టే. స్టూడియోలో రెండు పియానోలు ఉండేవి, అతిథికి ఒకటి, తనకు ఒకటి. 1978లో తొలి అతిథి మేరీ లూ విలియమ్స్. అదే ఏడాది పియానిస్టు బిల్ ఎవాన్స్ వచ్చాడు. ఒక పదబంధాన్ని తాళంలో అసలు పడాల్సిన చోటు నుంచి జరిపి ఎలా వాయిస్తాడో అక్కడే వాయించి విప్పి చూపించాడు. మన కల్పనస్వరాల్లో ఎత్తుకునే చోటును మార్చి మార్చి పట్టుకోవడం తెలిసినవాళ్లకు అది వింటే చేతులు వాటంతట అవే తాళం వేస్తాయి. రెండేళ్లకు, 1980లో, ఎవాన్స్ చనిపోయాడు. ఆ ఒక్క గంట మనకు మిగిలింది. ఏ విమర్శకుడూ దాన్ని రాబట్టలేకపోయేవాడు.

ఇక భయం. 2017లో పియానిస్టు ఈథన్ ఐవర్సన్ తన బ్లాగులో మరో పియానిస్టు రాబర్ట్ గ్లాస్పర్‌తో చేసిన సంభాషణ ప్రచురించాడు. ఐవర్సన్ సంభాషణలకు మంచి పేరుంది, నేనూ వాటి నుంచి చాలా నేర్చుకున్నాను. కానీ అందులో గ్లాస్పర్ స్త్రీ శ్రోతలు సంగీతాన్ని ఎలా వింటారో చెబుతూ కించపరిచే మాటలు అన్నాడు. ఐవర్సన్ అడ్డు చెప్పలేదు. పెద్ద దుమారం రేగింది. అప్పుడే మరో సంగతీ బయటికి వచ్చింది: అన్నేళ్లుగా ఆయన చేసిన సంభాషణల్లో స్త్రీలు దాదాపు లేరు. ఇద్దరూ అద్భుతమైన వాద్యకారులు, ఒకరి పని ఒకరికి లోతుగా తెలుసు. ఆ తెలివిడే వాళ్ల మధ్య ఒక గది కట్టింది. ఆ గదిలో నాలాంటి శ్రోతకు చోటు లేకుండా పోయింది. లయప్రియ గారూ, తోటివాడు అడగని ప్రశ్నల సంగతి ఏమిటి?

రాతిపల్లకి

నాది చిన్న మాట. కొత్త ఆల్బమ్ విడుదలైన నెలలో ఎవరు అడిగినా ఒకటే. పది చోట్ల అవే జవాబులు. 'ఈ ప్రాజెక్టు ఆలోచన ఎలా వచ్చింది' అన్న ప్రశ్నకు వాద్యకారుడు ఒక వాక్యం తయారుచేసుకుని ఊరూరా అదే అప్పగిస్తాడు. మీ వాదనలు రెండూ పాతకాలపు సంభాషణలకే వర్తిస్తాయని నా అనుమానం.

మాండలిన్ అభిమాని

రాతిపల్లకి గారూ, కొత్త పని గురించి బాగా అడగవచ్చు, ప్రశ్న ఎక్కడ మొదలుపెడతామన్నదే అసలు సంగతి. రుద్రేశ్ మహంతప్పను తీసుకోండి. ఇటలీలో పుట్టి, కొలరాడోలో పెరిగిన కన్నడ కుటుంబపు బిడ్డ, ఆల్టో శాక్సఫోన్ వాద్యకారుడు. పేరు చూసి భారతీయ సంగీతం తెలిసే ఉంటుందని అందరూ అనుకోవడం తనకెంత ఇబ్బందిగా ఉండేదో ఆయనే చెప్పాడు. విద్యార్థిగా ఉండగా వాళ్ల అన్నయ్య నవ్వులాటకు, శాక్సఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ రికార్డు ఇచ్చాడు. విని నివ్వెరపోయాడు. ఏళ్ల తర్వాత, 2008లో, ఆ గోపాల్‌నాథ్‌తోనే కలిసి ఆల్బమ్ తెచ్చాడు. 'మీ మూలాల గురించి చెప్పండి' అని అడిగితే ఈ కథ బయటికి రాదు. 'శాక్సఫోన్ మీద గమకం పలికించడానికి పెదవి ఏం చేయాలి' అని అడిగితే తప్పకుండా వస్తుంది.

పాలకొల్లులో పుట్టిన మన ఉప్పలపు శ్రీనివాస్ గురించి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో ప్రపంచమంతా తిరిగారు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. మెక్‌లాఫ్లిన్ సామాన్యుడు కాదు, అమెరికాలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్న మనిషి. ఆ ఇద్దరినీ రెండు వాద్యాలతో ఒక గదిలో కూర్చోబెట్టి మూడు గంటలు రికార్డు చేసి ఉంటే! అలాంటిది తెలుగులో నేను ఎక్కడా వినలేదు. నేను విన్న తెలుగు ఇంటర్వ్యూలలో శ్రీనివాస్ గారిని అడిగింది ఎక్కువగా చిన్నప్పటి కచేరీల గురించే. ఐదు తంత్రులతో తాను తీర్చిదిద్దుకున్న ఆ ఎలక్ట్రిక్ మాండలిన్ గురించి ఎవరైనా ఓపికగా అడిగి ఉంటే ఈ రోజు నేర్చుకునే పిల్లలకు అదొక బడి అయ్యేది.

పాత గ్రామఫోను

ఒక సవరణ, నా వాదనకే. లోమాక్స్ 1950లో మోర్టన్ మీద పుస్తకం వేసినప్పుడు ఆ మాటలను కోసి, కలిపి, వరస మార్చి రాశాడు. పుస్తకం చదివినవాళ్లు దాన్నే మోర్టన్ గొంతు అనుకున్నారు. మొత్తం రికార్డింగు ప్రజల చేతికి వచ్చింది 2005లో. అంటే 67 ఏళ్ల తర్వాత. ఆధారం చూపండి గారు కోరే సరిచూపు అప్పటిదాకా బయటివాళ్లకు ఎంత కష్టమో ఆలోచించండి. అడిగినవాడు ఎవరైనా టేపు మొత్తం ఉంచాలి, అందరికీ అందుబాటులో ఉంచాలి. ఈ విషయంలో నేను ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గను.

లయప్రియ

ఎడిసన్ వీణ గారి ప్రశ్న రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే నా సంగతి చెప్పాలి.

నేను మృదంగం వాయిస్తాను. మా మాస్టారికి 81 ఏళ్లు. మూడేళ్ల కిందట ఒక సాంస్కృతిక సంస్థ వాళ్లు కెమెరాతో వచ్చి గంటన్నర మాట్లాడించారు. ఎప్పుడు నేర్చుకున్నారు, బిరుదులు ఎన్ని, నేటి యువతకు సందేశం ఏమిటి. మాస్టారు ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. వాళ్లు వెళ్లిపోయాక మృదంగం ఒళ్లోకి తీసుకుని, మిశ్రచాపు తాళంలో తన గురువుగారు వేసిన ఒక ముక్తాయింపు నాకు చూపించారు. చూపిస్తూ, అది విన్న రాత్రి గురించి చెప్పారు. ఆ కచేరీకి పక్కవాద్యాలకు ఇచ్చిన డబ్బు తిరుగు ప్రయాణం చార్జీలకు చాలక, గురుశిష్యులిద్దరూ స్టేషనులో పడుకున్నారట. మాక్స్ రోచ్ మాటలు నాకు అంతగా తగలడానికి కారణం అదే. తోటివాడే అడగాలన్న నా పట్టుదల అక్కడ పుట్టింది.

ఎడిసన్ వీణ

చెప్పినందుకు ధన్యవాదాలు. చనువు తీసుకుని ఒకటి అడుగుతాను. మీ మాస్టారి తరంలో స్త్రీల కచేరీలకు వాయించబోమన్న మృదంగ విద్వాంసులు ఉండేవారు. మీ మాస్టారు వాయించారా? వాయించకపోతే ఎందుకని మీరు ఎప్పుడైనా అడిగారా?

లయప్రియ

వాయించలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన దగ్గర కూర్చుంటున్నాను, నేను అడగలేదు. అడగాలని తోచలేదన్నది అబద్ధం, తోచింది. నోరు రాలేదు.

ఈ ఆదివారం వెళ్తున్నాను. రెండు మృదంగాలు, ఒక రికార్డరు. పాత గ్రామఫోను గారు చెప్పినట్టు టేపు కోయను. తేదీలు, ఊర్లు రాసుకుని మాస్టారి దగ్గరున్న పాత కచేరీ కరపత్రాలతో సరిచూస్తాను. మా చెల్లెలు పాడుతుంది, ఆయనకు ఆమె మీద వాత్సల్యం ఎక్కువ. వీణ గారి ప్రశ్న తాను అడుగుతానంది. ఆ కాసేపు నేను గదిలో ఉండకూడదని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను.