రిజర్వు లైటు వెలిగాక కారు నిజంగా ఎంత దూరం వెళ్తుంది?

బ్రాడీపేట కుర్రాడు:
గుంటూరు నుంచి విజయవాడకి ఉద్యోగానికి కారులో తిరుగుతుంటాను. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నా, ట్యాంకు 37 లీటర్లని మాన్యువల్‌లో ఉంది. ఇంజిన్‌తో ఏ ఇబ్బందీ లేదు కానీ పెట్రోలు ముల్లు సంగతే అర్థం కావట్లేదు. ఫుల్ కొట్టిస్తే వంద కిలోమీటర్ల దాకా కదలకుండా కూర్చుంటుంది, సగం దాటిందా ఇక చూస్తుండగానే దిగిపోతుంది. లైటు వెలిగినప్పుడు ఇంకా 60 కిలోమీటర్లు వస్తుందని స్క్రీన్ మీద చూపించి, కాసేపటికి అంకె తీసేసి రెండు గీతలు పెడుతుంది. మొన్న కాజ టోల్ గేటు దగ్గర ఆ గీతలు వచ్చాయి, బెంజ్ సర్కిల్ చేరేదాకా ఏసీ ఆపేసి టెన్షన్‌తో నడిపాను. మా బావేమో "రిజర్వు విడిగా ఉంటుందిరా, బైకుకి ఉన్నట్టే, 50 కిలోమీటర్లు కళ్ళు మూసుకుని పోవచ్చు" అంటాడు. నిజమేనా? ముల్లు సున్నా మీద ఉంటే ట్యాంకులో ఎంత ఉన్నట్టు?

కృష్ణలంక బుజ్జి:
కాజ నుంచి బెంజ్ సర్కిల్ దాకా హైవే మీద ఒక్క బంకు కూడా కనపడలేదా అన్నా 😄

ఆటోనగర్ వాసి:
తమ్ముడూ, మీ బావ చెప్పింది పాత కార్బురేటర్ బైకుల సంగతి. వాటికి ట్యాంకు కింద కాక్ (తిప్పే కుళాయి లాంటిది) ఉండేది, దాని లోపల ఒక గొట్టం ఎత్తుగా, ఇంకో దారి అడుగున. పెట్రోలు ఆ ఎత్తు గొట్టం కిందికి దిగితే బండి ఆగిపోయేది, కాక్ రిజర్వుకి తిప్పితే అడుగున ఉన్నది వచ్చేది. ఇప్పుడొచ్చే ఇంజెక్షన్ బైకుల్లో అదీ లేదు. కారులో ఒకటే ట్యాంకు, ఒకటే పంపు, విడిగా దాచిపెట్టిందేమీ ఉండదు. ఇంత కంటే తగ్గితే లైటు వెలగాలి అని కంపెనీ పెట్టుకున్న హద్దే రిజర్వు. చిన్న కార్లలో చాలావాటికి అది ఐదారు లీటర్ల దగ్గర ఉంటుంది, మోడల్‌ని బట్టి అటూ ఇటూ.

ఇక ముల్లు. ట్యాంకులో ఒక ఫ్లోట్ ఉంటుంది, మేడ మీద నీళ్ల ట్యాంకులో బంతి లాంటిదే. దాని కడ్డీ పైకీ కిందికీ కదిలితే అవతలి కొసన రెసిస్టెన్స్ పట్టీ మీద కాంటాక్ట్ జరుగుతుంది, మీటరు దాన్ని చదివి ముల్లు చూపిస్తుంది. అంటే అది చూసేది పెట్రోలు ఎత్తునే గానీ లీటర్లని కాదు. ట్యాంకేమో చక్కగా డబ్బాలా ఉండదు, వెనక సీటు కింద ఎగ్జాస్ట్ పైపుకీ మిగతావాటికీ చోటు వదులుతూ వంకరటింకరగా చేస్తారు. పైన వెడల్పు, అడుగున ఇరుకు ఉన్నచోట ఒక అంగుళం పెట్రోలు పైన ఎక్కువ లీటర్లు, కింద తక్కువ లీటర్లు. అందుకే సగం దాటాక జారిపోతున్నట్టు ఉంటుంది. కొత్త కార్లలో మీటరు లోపలి లెక్క దీన్ని కొంత సరిచేస్తుంది, పూర్తిగా కాదు. మొదటి వంద కిలోమీటర్లు ముల్లు కదలకపోవడానికి కారణం వేరే. ఫ్లోట్ పైకి తగిలి ఆగిపోయాక కూడా ట్యాంకులో ఇంకొంచెం పెట్రోలు పడుతుంది, మెడ గొట్టం దాకా. ఆ పైన ఉన్నది కాలిపోయేదాకా ఫ్లోట్‌కి కిందికి దిగే పని లేదు.

మంగళగిరి టెకీ:
స్క్రీన్ మీద కిలోమీటర్ల అంకె గురించి ఒక మాట. అది కొలత కాదు, అంచనా. ట్యాంకులో మిగిలిందనుకున్న పెట్రోలుని ఇటీవల వచ్చిన సగటు మైలేజీతో గుణించి చూపిస్తుంది. మీరు హైవే మీద 80లో నిలకడగా వస్తే మైలేజీ బాగుంటుంది కాబట్టి అంకె ఉదారంగా ఉంటుంది, వారధి దాటి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పడగానే అదే అంకె మీరు తిరిగిన దూరం కంటే వేగంగా పడిపోతుంది. అడుగున ఫ్లోట్ మీద నమ్మకం తక్కువ కాబట్టి ఒక హద్దు దాటాక చాలా కంపెనీలు కావాలనే అంకె తీసేసి గీతలు పెడతాయి. గీతలు వచ్చాయంటే ట్యాంకు ఖాళీ అని కాదు, ఇక నేను హామీ ఇవ్వను బాబూ, బంకు చూసుకో అని.

ఇంకోటి, పెట్రోలు లోపల ఊగుతుంటుంది కాబట్టి ముల్లు ఎగిరిపడకుండా మీటరు కాసేపటి సగటు తీసుకుంటుంది. అందుకే కొన్ని కార్లలో ఇంజిన్ ఆన్‌లో ఉంచి రెండు మూడు లీటర్లు పోయిస్తే ముల్లు వెంటనే లేవదు. బంకు కుర్రాడితో గొడవ పడేముందు అది గుర్తుంచుకోండి. (ఎలాగూ బంకులో ఇంజిన్ ఆపాల్సిందే.) వాలు మీద పార్క్ చేసినా తేడా చూపిస్తుంది, కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కుతూ లైటు వెలిగి, చదునుకి రాగానే ఆరిపోవడం మామూలే.

డీజిల్ బాబాయ్:
ట్రావెల్స్ బండి నడుపుతాను, నా మాట కూడా వినండి. ఎంత దూరం వస్తుంది అన్నది తర్వాత, అక్కడిదాకా పోనివ్వకూడదు అన్నది ముందు. పెట్రోలు కారులో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. అస్తమానం అడుగంటా నడిపితే పంపు వేడెక్కుతుంది, మలుపుల్లో గాలి పీలుస్తుంది, ఆయుష్షు తగ్గుతుంది. డీజిల్‌కైతే ఇంకా ఘోరం. పూర్తిగా అయిపోయి ఆగిందంటే లైనులో ఎయిర్ పట్టేస్తుంది, తర్వాత డీజిల్ పోసినా స్టార్ట్ అవ్వదు, చేతి పంపు ఉన్న బండైతే కొట్టి ఎయిర్ తీయాలి, లేదంటే మెకానిక్ రావాలి. ఇప్పటి డీజిల్ బండ్లలో ఇంజిన్‌కి డీజిల్‌ని ఒత్తిడితో పంపే కామన్ రైల్ పంపుకి డీజిలే లూబ్రికేషన్, అది ఎండితే ఖర్చు మామూలుగా ఉండదు. ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు పోయడానికి రూల్స్ ఒప్పుకోవు కాబట్టి ఎవరి స్కూటర్ మీదో బంకుకి పోయి తెచ్చుకుందాం అన్నా కుదరదు. హైవే మీద ఆగితే 1033కి ఫోన్ చేయండి, పెట్రోలింగ్ బండి వస్తుంది. నేనైతే పావు ట్యాంకు దగ్గరే కొట్టిస్తాను.

కృష్ణలంక బుజ్జి:
బాబాయ్, పావు దగ్గరే అంటే మరీ జాగ్రత్త. ఊళ్లో తిరిగే చిన్న కారుకి లైటు వెలిగాక బంకుకి పోతే చాలు. రాత్రిపూట దూర ప్రయాణాలకైతే మీ మాటే కరెక్ట్.

తాడేపల్లి సూరి:
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. నా కారుదీ 37 లీటర్ల ట్యాంకే. ఈమధ్య ఒక బంకులో 38.6 లీటర్లు పట్టింది! అప్పటికి బండి ఇంకా నడుస్తూనే ఉంది, అంటే లోపల కొంత ఉన్నట్టే కదా. ఇది మోసం కాకపోతే ఏంటి?

ఆటోనగర్ వాసి:
సూరి గారూ, మోసం కావచ్చు, కాకపోనూవచ్చు. మాన్యువల్‌లో రాసే అంకె ట్యాంకు అంచు దాకా పట్టేది కాదు. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది, ఆవిరికి చోటు కావాలి, అందుకని పైన ఖాళీ వదిలి లెక్క చెబుతారు. నాజిల్ ఆటో కట్ అయ్యాక (ట్యాంకు నిండగానే దానంతటదే ఆగాక) కూడా "రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్" అని కుర్రాడు కొడుతూ పోతే ఆ ఖాళీ కూడా నిండుతుంది. అలా చేయించకండి, ఆవిరి పట్టే చార్‌కోల్ డబ్బాలోకి పెట్రోలు పోతే అది పాడవుతుంది. అనుమానం తీరాలంటే ప్రతి బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, అడిగితే మీ ముందే కొలిచి చూపించాలి. 25 మిల్లీలీటర్ల తేడా దాకా రూల్ ఒప్పుకుంటుంది, అంతకంటే తక్కువ వస్తే తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు ఇవ్వండి. ట్యాంకు నిండిన లెక్కతో గొడవకి దిగితే మీరే ఓడిపోతారు.

బ్రాడీపేట కుర్రాడు:
అందరికీ థాంక్స్. బుజ్జీ, బంకులు ఉన్నాయిలే, నాకు నమ్మకం కుదిరింది బెంజ్ సర్కిల్ దగ్గరి బంకు మీదే 😄 మరి నా కారులో లైటు వెలిగాక ఎంత ఉంటుందో ఎలా తెలుసుకోవాలి? ఖాళీ అయ్యేదాకా నడిపి చూడమని మాత్రం చెప్పకండి.

మంగళగిరి టెకీ:
అక్కర్లేదు. ఫుల్ కొట్టించి ఆటో కట్ దగ్గర ఆపేయండి. లైటు వెలిగిన వెంటనే అదే బంకులో, వీలైతే అదే పాయింట్ దగ్గర, మళ్ళీ ఆటో కట్ దాకా కొట్టించండి. 31 లీటర్లు పట్టిందనుకోండి, 37లో పోను సుమారు 6 మిగిలినట్టు. సూరి గారి లెక్క చూశారుగా, ఒక లీటరు అటూ ఇటూ ఉంటుంది, రెండు మూడుసార్లు చేస్తే మీ కారు సంగతి తెలిసిపోతుంది. అడుగున లీటరు దాకా పంపుకి అందదనుకుని దాన్ని తీసేయండి. మిగిలిన 5ని హైవే మైలేజీతో కాకుండా ఊళ్లో మైలేజీతో గుణించండి, 12 వస్తుందంటే 60 కిలోమీటర్లు. అంటే మీ బావ చెప్పిన దూరం ఇంచుమించు సరిపోయింది, చెప్పిన కారణమే తప్పు.

బ్రాడీపేట కుర్రాడు:
ఆ మాట ఆయనకి చెప్పను, ఇక పట్టుకోలేం. ఇంకో డౌట్, అప్పుడప్పుడు స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడి మళ్ళీ లేస్తోంది. అది కూడా పెట్రోలు ఊగడమేనా?

ఆటోనగర్ వాసి:
కాదు తమ్ముడూ, ఊగడమైతే అంత కిందికి పడదు. ఫ్లోట్ దగ్గర పట్టీ అరిగిపోయి ఉంటుంది, లేదా కనెక్టర్ లూజై ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండ్లలో చూస్తూనే ఉంటాం. చాలా కార్లకి వెనక సీటు లేపితే కింద మూత ఉంటుంది, ట్యాంకు దించకుండానే ఫ్లోట్ యూనిట్ బయటికి తీయొచ్చు. ముందు కనెక్టర్ చూపించండి, దానికే కుదిరితే డబ్బులు మిగులుతాయి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మాత్రం తీసుకెళ్లకండి, సగం కంటే తక్కువ ఉన్నప్పుడు రండి, తీయడం తేలిక. బాగయ్యేదాకా లైటునీ నమ్మకండి, ఆ రెండిటికీ ఫ్లోటే ఆధారం. ట్రిప్ మీటరు సున్నా చేసుకుని 350 కిలోమీటర్లకి ఒకసారి కొట్టించండి.