ఈ వారం సమస్య: “ఒకటి నొకటి గలుప నొకటె యగును”

నిర్వాహకుడు, మద్దిలపాలెం:
ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చేసాను, పై మూడు మీవి. భార్యాభర్తలు, నీటి బొట్లు, జీవాత్మ పరమాత్మ అవన్నీ వద్దు బాబూ, అవి ఎవరైనా రాసేస్తారు. ఫిజిక్సో లెక్కలో ఉండాలి, నవ్వు రావాలి, నవ్వొచ్చినా లెక్క తప్పితే మాత్రం పాస్ మార్కులు వెయ్యను.

గాజువాక తమ్ముడు:
నూట యిరువ దయిన వాటమౌ కోణాన
రెండు వైపు లీడ్చ నిండు వలను
కాగితాన గీసి గణియింప దేలును
ఒకటి నొకటి గలుప నొకటె యగును

జాలరిపేట దగ్గర పెద్దవల లాగుతుంటే చూసి రాసాను సార్. రెండు తాళ్లు, మధ్య 120 డిగ్రీలు, ఒక్కో తాడు మీద ఒక యూనిట్ బలం, ఫలితం కూడా ఒక యూనిట్టే.

నిర్వాహకుడు:
వెక్టార్ల లెక్క కరెక్టు. మొదటి రెండు పాదాల్లో ప్రాసయతి (యతి బదులు రెండో అక్షరాలు కలవడం: నూట–వాట, రెండు–నిండు) కూడా బాగా కుదిరింది. కానీ “దేలును” అని ఆపి మళ్ళీ “ఒకటి” అని అచ్చుతో ఎత్తుకున్నావు, అది విసంధి, అంటే సంధి కలపాల్సిన చోట కలపకపోవడం. మూడో పాదం “కాగితమున గీసి గణియించి చూడగా” అని మార్చి “నొకటి” అని అందుకో, సరిపోద్ది.

భీమిలి బాబాయ్:
తమ్ముడూ, పద్యం బాగుంది గానీ ఆ కోణంలో లాగితే ఒక్కో తాడు బలంలో సగమే వలకి పనికొస్తాది, ఒకళ్ళనొకళ్ళు పక్కకి లాక్కోడానికి అంతకంటే ఎక్కువే పోద్ది. అందుకే మావాళ్ళు వల దగ్గరకొచ్చే కొద్దీ రెండు గుంపులూ ఒడ్డు మీద నడుస్తూ దగ్గర దగ్గరగా జరుగుతారు. కోణాన్ని బట్టి బలంలో ఎంత పనికొస్తాదో చెప్పే కొసైన్ పేరు వాళ్ళకి తెలీకపోవచ్చు, కొసైన్ మాత్రం తెలుసు.

సీతమ్మధార అక్క:
కాంతి వేగ మొకటి గా లెక్క వేయుచో
రైలు గూడ నంతె రయము నంద
కలుపు సూత్ర మందు గల కిటుకది చూడ
నొకటి నొకటి గలుప నొకటె యగును

నిర్వాహకుడు:
ఇదీ! సెకనుకి 2,99,792 కిలోమీటర్లు అని పద్యంలో ఎక్కడ ఇరికిస్తాం, దాన్నే ఒకటి అనుకుంటే పోయె, ఫిజిక్సు వాళ్ళు రోజూ చేసే పనే అది. 1905లో ఐన్‌స్టీన్ ఇచ్చిన సూత్రంలో రెండు వేగాలూ కూడి పైన పెట్టి, కింద ఒకటికి వాటి లబ్ధం కలిపితే రెండు బై రెండు, అంటే ఒకటి. విసంధి లేదు, యతులన్నీ ఉన్నాయి.

భీమిలి బాబాయ్:
అక్కా, బరువున్న రైలు కాంతి వేగం అందుకోలేదు కదా?

సీతమ్మధార అక్క:
నిజమే బాబాయ్ గారూ, రైలు సగం వేగంతో పోయినా దాని హెడ్‌లైటు వెలుగు వేగం ఒకటే వస్తుంది. కానీ సారు ఒకటి నొకటి అని ఇచ్చారు, సగము నొకటి అని ఇవ్వలేదుగా. మన రైళ్ళు విశాఖ వస్తూ దువ్వాడ దాటాక ఎలా పాకుతాయో తెలిసిందే, కనీసం పద్యంలోనైనా పరుగెత్తనివ్వండి.

అక్కయ్యపాలెం మేడం:
అత్త మీట నొక్కె నామెతో కోడలు
మరొక మీట నొక్కె మగడు జూడ
బల్బు వెలిగె నంతె పై హెచ్చు లేదాయె
నొకటి నొకటి గలుప నొకటె యగును

నిర్వాహకుడు:
బూలియన్ లెక్క (ఆన్ అయితే ఒకటి, ఆఫ్ అయితే సున్నా), ఓఆర్ గేటు: ఒక మీట నొక్కినా, రెండూ నొక్కినా ఫలితం ఒకటే. ఈ వారం గట్టిగా నవ్వింది దీనికే. “మగడు జూడ” అన్న రెండు మాటల్లో మొత్తం కాపురం ఉంది, అతను ఏ మీటా ముట్టుకోలేదు చూడండి.

గాజువాక తమ్ముడు:
మేడం, స్విచ్‌లు రెండూ ప్యారలల్‌లో ఉంటేనే ఇది. మా ఇంట్లో మెట్ల లైటుకి కింద ఒకటి, పైన ఒకటి ఉన్నాయి, అమ్మ కింద నొక్కుద్ది, అదే టైముకి నేను పైన నొక్కుతాను, చీకట్లో ఉన్నోళ్ళం చీకట్లోనే ఉంటాం.

అక్కయ్యపాలెం మేడం:
అది ఎక్స్‌ఓఆర్ నాన్నా, రెంటిలో ఒక్కటి నొక్కితేనే వెలిగేది. మా అత్తాకోడళ్ళది ఓఆరే, నమ్ము.

పెందుర్తి పిల్లాడు:
నాకు ఛందస్సు రాదు, లిమరిక్కు (ఐదు పాదాల ఇంగ్లీషు తరహా హాస్య పద్యం) రాసాను, ఒప్పుకుంటారా?

బీచ్‌రోడ్డున ఒక లెక్కల మాస్టారు
అలల్ని రోజూ కూడుతు కూచుంటారు
ఈ అల ఒక మీటరు
ఆ అల ఒక మీటరు
కలిస్తే సున్నంటూ తడిసే పోతారు!

భీమిలి బాబాయ్:
ఒరే అబ్బాయ్, ఒక అల శిఖరం మీద ఇంకో అల లోయ పడితేనే సున్నా. శిఖరం మీద శిఖరం పడితే రెండు మీటర్లు, పంచె కూడా మిగల్దు.

నిర్వాహకుడు:
అందుకే కదా తడిసింది! మాస్టారికి సూత్రం వచ్చు, ఫేజు, అంటే శిఖరం మీద పడేది శిఖరమో లోయో, చూసుకోలేదు, జోకంతా అక్కడే ఉంది. సమస్య పాదం వాడలేదు కాబట్టి పోటీలోకి రాదు గానీ ఇక్కడే ఉంచుతున్నాను. ఈ వారం మొదటి స్థానం అక్కయ్యపాలెం మేడంది, పద్యం అల్లిక వరకు చూస్తే సీతమ్మధార అక్కదే పైచెయ్యి.

వచ్చే వారానికి పాదం మీరే ఇచ్చారు: “ఒకటి నొకటి గలుప నుత్త సున్న”. మెట్ల లైటూ, అలలూ అయిపోయాయి, మళ్ళీ అవే పంపితే తీసుకోను.