క్లినిక్‌లో కుక్కని పట్టుకోవాల్సింది మనమా, వాళ్ళా?

గుండు వాళ్ళ నాన్న, కాడుగోడి:

బెంగళూరులో కుక్కల్ని పెంచే తెలుగువాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, అందుకే అడుగుతున్నాను. మా గుండు లాబ్రడార్. నాలుగేళ్ళు, 34 కిలోలు. ఇంట్లో పిల్లలు తోక పట్టుకు లాగినా ఏమీ అనడు. మొన్న శనివారం చెవిలోంచి చీము వాసన వస్తోందని దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టరుగారు చెవిలో ఏదో గొట్టం పెడుతూ, "సార్, తల మీరే గట్టిగా పట్టుకోండి, మీరైతే ఊరుకుంటాడు" అన్నారు. పట్టుకున్నాను. ఒక చెవి అయింది. రెండో చెవి దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా తల విదిలించాడు, నా ముంజేతిలో రెండు కోరలు దిగాయి. అది ఎవరి చెయ్యో వాడికీ తెలిసుండదు పాపం.

క్లినిక్‌లో కాస్త దూది, బెటాడిన్ ఇచ్చారు. బిల్లు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. అక్కణ్ణించి మనుషుల ఆసుపత్రికి పరిగెత్తాను. ముందు సబ్బు పెట్టి పావుగంట కుళాయి కింద కడిగించారు. కుట్లు వెయ్యలేదు, కుక్క కాటుకి వెంటనే వెయ్యరట. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేదాకా రేబిస్‌ని ఆపే ఇంజెక్షన్) పొడిచారు, అబ్బో, కాటు కంటే అదే నొప్పి. గుండుకి ఏటా రేబిస్ టీకా వేయిస్తాం, కార్డు కూడా చూపించాను. అయినా నాకు టీకాల కోర్సు మొదలుపెట్టాల్సిందే, పది రోజులు కుక్కని గమనించండి అన్నారు.

నా ప్రశ్న ఒక్కటే. ఫీజు తీసుకునేది వాళ్ళు, ఆ పని నేర్చుకున్నదీ వాళ్ళు. మరి పట్టుకోవడం వాళ్ళ పని కాదా? మనుషుల ఆసుపత్రిలో పేషెంటు కాళ్ళు పట్టుకోమని చుట్టాలని పిలుస్తారా?

హెబ్బాళ డాక్టరు:

చెయ్యి ఇప్పుడెలా ఉందండీ? వాపు గానీ, ఎర్రగా చారలు పాకడం గానీ ఉంటే ఆగకుండా చూపించుకోండి.

నాది అనంతపురం. హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో చదువుకుని ఇక్కడే చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. కాబట్టి ఇక్కడ ముద్దాయిని నేనే అనుకోండి. మీరు అన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. చుట్టాల సంగతి మాత్రం ఒప్పుకోను. పసిపిల్లలకి టీకా వేసేటప్పుడు తల్లి ఒళ్ళో పెట్టుకుని చేతులు పట్టుకోదా? కొన్ని కుక్కలు యజమాని పక్కన ఉంటేనే కుదురుగా ఉంటాయి. కొన్ని యజమానిని చూస్తే ఇంకా రెచ్చిపోతాయి. బయటికి పంపేస్తే మెత్తబడిపోతాయి. ఏది ఏ రకమో ముందే తెలియదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, చెవి నొప్పితో ఉన్న కుక్కకి మజిల్, అంటే కరవకుండా మూతికి పెట్టే తొడుగు, వెయ్యకుండా చెవిలో పరికరం పెట్టారు. నొప్పి ఉన్నచోట ముట్టుకుంటే ఎంత మంచి కుక్కైనా కరుస్తుంది. మూతికి మజిల్ వెయ్యాలి, లేదంటే కాస్త మత్తు ఇచ్చి చూడాలి. కానీ మజిల్ తీస్తే చాలు, "మా వాణ్ణి రౌడీని చేస్తున్నారా" అని ముఖం మాడ్చుకునేవాళ్ళని రోజుకి ఇద్దరినైనా చూస్తాను.

ఒక సంగతి చెప్తాను, కొంచెం పెద్దదే. నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒకావిడ, ఆవిడ కొడుకు కుక్కని తెచ్చారు. కింది దవడ వేలాడిపోతోంది, చొంగ కారుతోంది, నీళ్ళు మింగలేకపోతోంది. "గొంతులో ఎముక ఇరుక్కుంది డాక్టర్" అన్నారు. ఆ అబ్బాయి రెండు చేతులతో నోరు తెరిచి పట్టుకున్నాడు, నేను టార్చి వేసి చెయ్యి పెట్టబోతున్నాను. మా సీనియర్ వెనకనించి వచ్చి నా కాలరు పట్టుకుని లాగేశారు. రేబిస్‌లో అన్ని కుక్కలూ పిచ్చిగా తిరిగి కరవవు. దవడ పక్షవాతం వచ్చి, అచ్చం ఎముక ఇరుక్కున్నట్టే ఉండే రకం ఒకటుంది. ఆ కుక్క మర్నాడే పోయింది, పరీక్షలో రేబిస్ అని తేలింది. నేను ముందే టీకా వేయించుకున్నాను కాబట్టి నాకు రెండే డోసులు, ఆ రోజు ఒకటి, మూడో రోజు ఒకటి. ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. ఆ అబ్బాయికి మాత్రం మీలాగే మొత్తం కోర్సు. రాత్రంతా వాళ్ళమ్మ వరండాలో కూర్చుని ఏడుస్తూనే ఉంది. నోరు తెరిచి పట్టుకోమని ఏ ఓనర్నీ నేను ఆ తరవాత అడగలేదు.

టేబుల్ దగ్గర తమ్ముడు, యలహంక:

అన్నా, మీరిద్దరూ "వాళ్ళు" అంటున్నది నన్నే. మాది హిందూపురం. ఆరేళ్ళుగా క్లినిక్‌లో కుక్కల్నీ పిల్లుల్నీ పట్టుకునే పనే, రెండు క్లినిక్కులు మారాను.

ఓనర్లు పట్టుకోకూడదు అనే నేనంటాను, కానీ మీరు చెప్పిన కారణానికి కాదు. ఓనరు భయపడగానే చెయ్యి వదిలేస్తాడు. అది సహజం, ఆయన్ని తప్పు పట్టను. కానీ ఆయన తల వదిలేస్తే కాళ్ళు పట్టుకున్నది నేను కదా, అది తిరిగేది నా మీదికే. నన్ను ఇప్పటిదాకా మూడు కుక్కలు, ఒక పిల్లి కరిచాయి. మూడు కుక్కల్లో రెండు అలా కరిచినవే. తల ఎప్పుడూ నేర్చుకున్నవాడే పట్టుకోవాలి. ఓనరు ఎదురుగా నిలబడి పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడుతుంటే చాలు.

ఇంకోటి. "మా వాడు కరవడు" అన్న మాట. ఉద్యోగం ఇంటర్వ్యూలో "నాకు కోపం రాదు సార్" అన్నట్టే ఉంటుంది అది. కిందటిసారి ఎవర్నైనా కరిచిందా అని అడిగితే నిజం చెప్పండన్నా, మేమేమీ అనుకోం. కార్డు మీద ఎర్ర చుక్క పెట్టుకుంటాం, అంతే.

మొదటి క్లినిక్‌లో చేరినప్పుడు టీకా సంగతే ఎవరూ చెప్పలేదు. ఏడాది పైన అలాగే చేశాను. రెండో చోట మేడమ్ మొదటి రోజే "టీకా వేయించుకుని రా, తరవాతే టేబుల్ దగ్గరికి" అన్నారు. మొదటి రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు. డబ్బు ఆమే కట్టారు. ఎంత అయి ఉంటుంది, నా నెల జీతంలో పదో వంతు కూడా ఉండదు.

కాటు అందరికీ కనిపిస్తుంది, అందుకే దాని గురించే మాట్లాడతారు. వీధి కుక్కలకి మర్మాంగాల దగ్గర గడ్డలు వస్తాయి కదా, వాటికి వారం వారం విన్‌క్రిస్టిన్ ఎక్కిస్తారు. అది క్యాన్సర్ మందు. మొదటి క్లినిక్‌లో గ్లౌజులు లేకుండానే సిరంజీలోకి తీసేవాణ్ణి, చేతి మీద పడితే గుడ్డతో తుడుచుకునేవాణ్ణి. సూదికి మళ్ళీ మూత పెట్టబోయి ఎన్నిసార్లు వేలికి గుచ్చుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు మూత పెట్టం, సూది అలాగే తెల్ల డబ్బాలో వేసేస్తాం. పిల్లి కాటు మాత్రం మరిచిపోలేను. పైకి రెండు చుక్కలే, తెల్లారేసరికి పిడికిలి బిగించలేకపోయాను. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇక నడుము సంగతి అడక్కండి. 45 కిలోల రాట్‌వీలర్‌ని టేబుల్ మీదికి ఒక్కణ్ణే ఎత్తిన రోజులున్నాయి.

ఓఆర్ఆర్ ట్రాఫిక్ బాధితుడు:

అందరూ ఎమోషనల్ అవుతున్నారు, లెక్క చూద్దాం. ఓనరు పట్టుకోకూడదంటే ఇంకో మనిషిని పెట్టాలి. మత్తు ఇవ్వాలంటే దానికో చార్జీ. ఇప్పుడే మా పగ్‌కి గోళ్ళు కత్తిరించడానికి 500 తీసుకుంటున్నారు, రేపు "సేఫ్టీ చార్జీ" అని ఇంకో 800 కలుపుతారు. నా కుక్కని నేను పట్టుకుంటా, కరిస్తే నాదే బాధ్యత అని కాగితం మీద సంతకం పెడతా. పెద్దవాళ్ళం కదా, మధ్యలో క్లినిక్‌కి ఏంటి నొప్పి? పైగా పగ్‌కి మజిల్ పట్టదు, మూతి ఉంటే కదా.

హెబ్బాళ డాక్టరు:

పగ్ మూతి మాట నిజమే. మొహం మొత్తం కప్పే మెష్ రకం ఉంటుంది. అది కూడా వాటి ఊపిరి చూసుకుంటూ కొద్దిసేపే.

సంతకం కాగితాలు నా దగ్గరా ఒక కట్ట ఉన్నాయి. మీరు సంతకం పెట్టాక మీ కుక్క మీ చేతిలోంచి జారి తమ్ముడిని కరిస్తే ఆ కాగితం ఎవరికి పనికొస్తుంది?

ఎక్స్‌రే సంగతి తీసుకోండి. అక్కడ నేను అసలు తేల్చుకోలేక కొన్నాళ్ళు సతమతమయ్యాను. ఓనర్ని లోపలికి పిలిస్తే ఆయన జన్మలో ఒకసారో రెండుసార్లో పట్టుకుంటాడు, పడే రేడియేషన్ చాలా తక్కువ. తమ్ముడి లాంటివాడు రోజూ పట్టుకుంటాడు. ఆ లెక్కన ఓనరే పట్టుకోవడం న్యాయం అనిపిస్తుంది, అవునా? కానీ ఆ వచ్చినావిడ మూడో నెల గర్భిణి అని, తనకే ఇంకా సరిగ్గా తెలియదని నాకెలా తెలుస్తుంది? అణుశక్తి నియంత్రణ మండలి రేడియేషన్ పనివాళ్ళకి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత) హద్దు పెట్టింది, బయటివాళ్ళకి 1 మాత్రమే. సీసం ఏప్రాన్ ఉందిగా అంటారు. అది చెల్లాచెదురై వచ్చే కిరణాలకి. నేరుగా కిరణం కింద చెయ్యి పెడితే సీసం గ్లౌజు కూడా సరిగ్గా కాపాడదు. చివరికి నేను చేసేది, ఇద్దర్నీ బయటికి పంపి, కుక్కకి మత్తిచ్చి ఇసుక సంచులతో ఆనించడం. అవును, దానికి చార్జీ తీసుకుంటాను. తిట్టుకుంటారు, తెలుసు.

రెండు పిల్లుల అత్త, జయనగర్:

నేను డాక్టరుగారి పక్షం కాదు. మా క్లినిక్‌లో ఓనర్లని బయట కూర్చోబెట్టడం ఎప్పుడో మొదలుపెట్టారు. లోపల పిల్లి అరుస్తుంటే బయట నా ప్రాణం పోయినంత పనవుతుంది. మెడ పట్టుకుని పైకెత్తుతున్నారా, కొడుతున్నారా, ఎలా తెలుస్తుంది? అలాంటి వీడియోలు ఎన్ని చూడట్లేదు. తలుపుకి చిన్న అద్దం పెట్టించమని గొడవపడ్డాను, పెట్టించారు. టవల్‌లో చుట్టి ఒక కాలు మాత్రమే బయటికి తీసి రక్తం తీస్తున్నారు. ఇప్పుడు నేనే బయట ఉంటానంటాను. పట్టుకోను, కానీ నాకు కనిపించాలి.

మదనపల్లె బావ, కె.ఆర్.పురం:

ఎద్దు మూతికి చిక్కం కట్టడం మనకేమన్నా కొత్తా? నూర్పిళ్ళప్పుడు గింజ తినకుండా కడితే ఏ ఎద్దూ పరువు పోయిందని ఏడవలేదు. కుక్కకి కట్టేసరికి మీకే పరువు పోతోంది.

మా ఊళ్ళో ఓనరే పట్టుకోవాలి, వేరే దిక్కు లేదు. పశువుల డాక్టరు రావడమే గొప్ప. కానీ దాని ఫలితం కూడా చూశా. గేదె ఈనాక మాయ పడకపోతే మా చిన్నాన్న మోచేతి దాకా ఒట్టి చెయ్యి పెట్టి లాగేవాడు. నెలలు నిండకుండా ఈసుకుపోయిన దూడలైతే మరీను. తరవాత ఆయనకి జ్వరం వచ్చేది, తగ్గేది, మళ్ళీ వచ్చేది. రాత్రిళ్ళు ఒళ్ళంతా చెమటలు, నడుం లేవనిచ్చేది కాదు. టైఫాయిడ్ అన్నారు, మలేరియా అన్నారు. నెలలు గడిచాక ఒక డాక్టరమ్మ "ఇంట్లో గేదెలున్నాయా?" అని అడిగింది. బ్రూసెల్లా, పశువుల నుంచి మనుషులకి అంటుకునే జబ్బు. ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే ఎవరైనా అడిగుంటే బాగుండేది.

రిటైర్డ్ గుమాస్తా, మల్లేశ్వరం:

ఈ కాగితాలతోనే జీవితమంతా గడిపినవాణ్ణి కనక ఒక మాట. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో వృత్తి వల్ల వచ్చే జబ్బుల పట్టిక ఒకటుండేది, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ పట్టిక ఉంది, మూడో షెడ్యూలు. అందులో మొట్టమొదటి వరసే అంటురోగాలు. దాని కింద పశువైద్య పని అని పేరు పెట్టి మరీ రాశారు. జంతువుల్ని పట్టుకునే పని కూడా ఉంది. అంటే తమ్ముడికి పనిలో అంటుకున్న జబ్బుని "నీ ఖర్మ" అని తోసెయ్యడానికి లేదు. ఓనరు ఆ పట్టికలో లేడు, ఆయన ఉద్యోగి కాదు. జీతం లేని పనివాణ్ణి చేసి టేబుల్ దగ్గర నిలబెట్టారు, దెబ్బ తగిలితే ఏ లెక్కలోకీ రాడు. ఈ లెక్కన గుండు వాళ్ళ నాన్న అడిగిందే సబబు.

తమ్ముడూ, కాటు పడిన ప్రతిసారీ తేదీ, టైము, ఏ కుక్క, దాని టీకా వివరం క్లినిక్ రిజిస్టర్లో రాయించు. ఫోటో తీసి నీ దగ్గర పెట్టుకో. అసలు రిజిస్టరే లేదంటే 40 రూపాయల నోటు పుస్తకం నువ్వే కొని పెట్టు.

టేబుల్ దగ్గర తమ్ముడు:

సార్, పుస్తకం ఉంది. కుక్కల బరువులే రాస్తున్నాం అందులో. రేపట్నించి వెనక పేజీల్లో ఇది రాస్తాను.

గుండు వాళ్ళ నాన్న:

పది రోజులు దాటాయి. గుండు బాగానే ఉన్నాడు, నా చెయ్యి కూడా మానుతోంది. ఆ క్లినిక్ మీద కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆ రోజు కాళ్ళ దగ్గర ఒక కుర్రాడు ఉన్నాడు, నేను చెయ్యి వదలగానే వాడు గోడకి కొట్టుకున్నాడు. రక్తం చూసుకునే తొందరలో వాడికేమైందో కూడా అడగలేదు. తమ్ముడి పోస్టు చదివాకే అది గుర్తొచ్చింది. నిన్న వెళ్ళి కలిశాను. మోచెయ్యి కమిలింది, టీకా వేయించుకోలేదట. దాని గురించి డాక్టరుతో ఇంకోసారి గొడవపడి వచ్చాను.

చెవి మళ్ళీ చూపించాలి. బుట్ట లాంటి మజిల్ కొందామనుకుంటున్నాను. సైజు ఎలా చూసుకోవాలి? పెట్టగానే కాళ్ళతో పీక్కుంటాడేమో.

టేబుల్ దగ్గర తమ్ముడు:

బుట్ట రకమే తీసుకోండన్నా. గుడ్డ రకం వేస్తే నోరు తెరిచి ఒగర్చలేదు, ఎండలో ప్రమాదం. బుట్టలో నోరు పూర్తిగా తెరవగలగాలి, నాలుక బయటికి రావాలి. మెడ పట్టీ కింద రెండు వేళ్ళు దూరితే చాలు. మొదటి రోజే కట్టెయ్యకండి. బుట్ట అడుగున కాస్త పెరుగన్నం పూసి చేత్తో పట్టుకోండి, వాడే మూతి పెడతాడు. నాలుగు రోజులు అలా చేశాక పట్టీ వెయ్యండి. క్లినిక్‌కి మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి, అప్పుడు జనం ఉండరు.

ఓఆర్ఆర్ ట్రాఫిక్ బాధితుడు:

పెరుగన్నానికి చార్జీ లేదు కదా తమ్ముడూ.